జరిగిపోయిన పనికి ఇచ్చిన మాట

అమెరికా చట్టం నేను రొయ్యల కంపెనీ వ్యానులో చదివాను. నెల్లూరులో ఎక్కితే తోటపల్లి గూడూరు దాటి మా ప్లాంటు గేటు దగ్గర దిగేదాకా చదువు. సాయంత్రం తిరుగు దారిలో మళ్ళీ చదువు. అప్పటికే నా జుట్టు సగానికి పైగా తెల్లబడింది. ఆ వయసులో రాయాల్సిన పరీక్షలేవీ నాకు లేవు. పరీక్ష నా పక్క సీట్లో కూర్చున్న అమ్మాయిది. కొత్తగా నల్లకోటు కుట్టించుకుని, కోర్టు ప్రాక్టీసా కంపెనీ ఉద్యోగమా అని ఊగిసలాడే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. సలహాలివ్వడం నాకు చేతకాదు. ఈ వ్యాను సంగతి చెబుతాను, పనికొచ్చేదేమైనా ఉంటే ఏరుకోండి.

నేను మొదట నెల్లూరు కోర్టుల్లో ప్రాక్టీసు చేశాను. ఆడ లాయరు అనగానే భరణం కేసు చేతిలో పెట్టి పంపించే రోజులవి. సాక్ష్యాల చట్టం, కాంట్రాక్టు చట్టం నాకు ప్రాణం. వాటిని వాదించే అవకాశం మాత్రం రాదు. విసుగెత్తి, రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో లా ఆఫీసరుగా చేరాను. "లా చదివింది రొయ్యల తలకాయలు గిల్లేదానికా?" అని మా మేనత్త ఇంటికొచ్చినవాళ్ళందరి ముందూ దెప్పేది. తలకాయలు గిల్లే పని వేరేవాళ్ళది. నా పని అమెరికా బయ్యర్లతో ఒప్పందాలు చదవడం. సరుకు ఏ చల్లదనంలో పోవాలి, నడిసముద్రంలో చెడిపోతే నష్టం ఎవరిది, తగవు వస్తే ఏ దేశపు కోర్టుకి పోవాలి, ఇలాంటివి. ఆ పనిలోనే నా నడివయసంతా గడిచింది.

మా యజమాని పొద్దున్నే ప్లాంటుకి వచ్చి, ఒక రొయ్యని చేత్తో వంచి చూస్తేగానీ కాఫీ తాగని మనిషి. సొంత రొయ్యల గుంటలతో మొదలుపెట్టి పైకొచ్చాడు. చెడ్డవాడు కాదు. మాట ఇవ్వడంలో ఎంత తొందరో, బరువనిపించినప్పుడు ఆ మాటని దించుకోవడంలోనూ అంతే తొందర. నేను ఆయనకి ఎదురు చెప్పేదాన్ని కాదు. ఆయన చేయదలచుకున్నది చట్టంలో ఎలా ఇమడ్చాలో చూసిపెట్టేదాన్ని. కంపెనీ లాయరంటే అంతే అనుకున్నాను.

ఆ అమ్మాయి నాకు అసిస్టెంటుగా వచ్చింది. సంగం వాళ్ళు, నాన్న వరి పండిస్తాడు. గొంతు తగ్గించి మాట్లాడుతుంది గానీ కాగితం చదివితే అందులో ఏముందో ఏం లేదో రెండూ చెప్పగలదు. ఒకసారి సెలవు పెట్టి కోతల సాయానికి ఊరికి వెళ్ళింది. అప్పుడే అమెరికాలో మా కంటైనర్ ఒకటి వెనక్కి కొట్టారు. సరుకు చెడిపోయింది, మాకొద్దు అన్నాడు బయ్యరు. యజమాని స్వయంగా ఫోను చేసి, "సెలవని చూడబాకమ్మా, నువ్వు రావాల్సిందే" అన్నాడు. వచ్చింది. సెలవు సెలవుగానే రాసుకుని, జీతం లేకుండా ఆ ఫైలు మీద కూర్చుంది. ఓడ ఎక్కేదాకా సరుకు గడ్డకట్టే ఉందనీ, ఎక్కిన తర్వాత నష్టం బయ్యరుదేననీ ఒప్పందంలోంచే లాగి చూపించింది. బయ్యరు నోరు మూసుకుని డబ్బు కట్టాడు.

ఆ రోజు యజమాని సంతోషం చూడాలి. గ్రేడింగ్ షెడ్డులో అందరి ముందూ నిలబడి, "ఈ పాప చేసిన పనికి నేను ఊరికే ఉండను. కంపెనీ ఖర్చుతో అమెరికాకి పంపించి, అక్కడ లాయరు పట్టా ఇచ్చే బార్ పరీక్ష రాయిస్తాను. పాసయితే మేడం తర్వాత ఆ కుర్చీ ఈ పాపదే" అన్నాడు. రొయ్యలు సైజుల వారీగా వేరు చేసే ఆడవాళ్ళు గ్లవుజుల చేతులతోనే చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ దేశంలో ఒక రాష్ట్రం, మన దగ్గర ఎన్రోలైన లాయర్లని నేరుగా పరీక్షకి కూర్చోనిస్తుంది. అంటే కల కాదు, నిజంగా జరిగే పనే. అమ్మాయి ఆ సాయంత్రం వ్యానులో కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకోవడం చూశాను.

అలా మొదలైంది చదువు. ప్లాంటులో తీరిక ఉండదు. ఆమె ఉండే హాస్టల్లో ముగ్గురు ఒక గదిలో. మిగిలింది వ్యానే. రూల్సు పుస్తకం నా ఒళ్ళో, జవాబు ఆమె నోట్లో. వ్యానులో గ్రేడింగ్ షెడ్డు ఆడవాళ్ళు ఉంటారు. వాళ్ళ మేస్త్రి మా వెనక సీటు. నాకంటే కాస్త పెద్దది, అందరూ అక్కా అనే పిలుస్తారు. మొదటి వారం వాళ్ళు మమ్మల్ని పట్టించుకోలేదు. రెండో వారానికి మా సీటు చుట్టూ చెవులే.

విన్నమాట సాక్ష్యం కాదనే రూలు చెబుతున్నాను. ఉదాహరణ దూరం వెతకడం ఎందుకని, అక్క అప్పుడే చెబుతున్న కబురు పట్టుకున్నాను. వాళ్ళ వీధిలో ఎవరో ఎవరినో కొట్టాడని పక్కింటామె చెప్పిందట.

"ఇది కోర్టులో చెల్లదు" అన్నాను.

"ఎందుకు చెల్లదు మేడమ్మా? నేను అబద్దం చెప్తా ఉండానా?" అక్కకి కోపం వచ్చింది.

"నువ్వు కాదక్కా. చూసినామె రావాల. ఆమెని లాయరు ప్రశ్నలడగాల."

"ఆమె రాదు. ఆమెకి వాళ్ళ మొగుడంటే భయం."

"అదిగో, అందుకే ఇంత చట్టం" అన్నాను. అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ రూలు ఆమె ఇక మర్చిపోలేదు.

రూలు కొత్తదైతే చిక్కులేదు. మనకి బాగా తెలిసినదైతేనే చిక్కు. పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటే మన దగ్గర అది సాక్ష్యం కాదు. ఏ లా కాలేజీ పిల్లని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అక్కడ అలా కాదు. నోరు మూసుకుని ఉండే హక్కు నీకుందని ముందుగా చెప్పి, బలవంతం చేయకుండా చెప్పించుకుంటే చెల్లుతుంది. అమ్మాయి నమూనా పరీక్షలో ప్రతిసారీ చెల్లదనే గుర్తు పెట్టేది. ఇది విని డ్రైవరు వ్యాను నెమ్మది చేశాడు.

"పోలీసోళ్ళ ముందు చెప్పింది చెల్లుతుందా? అదేం దేశం మేడం?"

"నువ్వు రోడ్డు చూడు నాయనా."

చనిపోతూ చెప్పిన మాట సంగతీ అంతే. మన చట్టానికి, చెప్పినవాడు ఆ తర్వాత చనిపోయి, తన చావు గురించే చెప్పి ఉంటే చాలు. అక్కడ, ఇక బతకనని నమ్మి చెప్పి ఉండాలి. "చచ్చేవాడికి అదంతా ఎట్ట తెలుస్తాది? వాడు బతుకుతాననే అనుకుంటాడు గదా" అంది అక్క. ఈ ప్రశ్నకి నా పుస్తకంలో జవాబు లేదు. అమ్మాయి మాత్రం అక్కడి రూలు అప్పజెప్పింది.

అన్నిటికంటే మొండికేసిన రూలు ఒకటుంది. దాన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడిచింది. ఒక మాట చట్టం ముందు నిలవాలంటే దానికి బదులుగా ఏదో ఒక ప్రతిఫలం ఉండాలి. ఇక్కడా అంతే, అక్కడా అంతే. మరి పని ముందే జరిగిపోయి, మాట తర్వాత ఇస్తే? మన కాంట్రాక్టు చట్టం, మాట ఇచ్చినవాడు అడిగితే చేసిన పని అయితే అదీ ప్రతిఫలమేనంటుంది. అమెరికా వాళ్ళు ఒప్పుకోరు. జరిగిపోయింది జరిగిపోయింది, దానికోసం తర్వాత ఇచ్చిన మాట మంచితనమే గానీ ఒప్పందం కాదంటారు. ఆ ప్రశ్న ఏ వేషంలో వచ్చినా ఈ అమ్మాయి నిలుస్తుందనే రాసేది. కాలవలో పడ్డ పిల్లవాణ్ణి తీశాడు, తండ్రి తర్వాత ఆవునిస్తానన్నాడు. నిలుస్తుంది! పక్కవాడి పొలం కాపాడాడు, వాడు తర్వాత వాటా ఇస్తానన్నాడు. నిలుస్తుంది!

ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. "సంగంలో నేర్చుకున్న చట్టం సంగంలోనే పెట్టి రా! ఎన్నిసార్లు చెప్పాలి? నిలవదు, నిలవదు, నిలవదు!" అని వ్యాను అదిరేలా అరిచాను. అమ్మాయి తల దించుకుంది.

"పిల్లని అట్ట అరవబాకండి మేడమ్మా" అంది అక్క. "సాయం చేసినోడికి ఇస్తానన్నాక ఇయ్యాల్సిందే గదా. ఆ పిల్ల చెప్పిందాంట్లో తప్పేముండాది?"

"తప్పేం లేదక్కా. మార్కులు లేవు."

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆమె సీట్లో కూర్చోగానే మొదటి ప్రశ్న అదే వేసేదాన్ని. క్రమంగా దారికి వచ్చింది. నేను నోరు తెరవకముందే "నిలవదు మేడం" అనేది. వెనక సీట్లోంచి ఆడవాళ్ళు కూడా కలిసి "నిలవదు" అని పాట పాడేవాళ్ళు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కిటికీలోంచి ఉప్పుగాలి, రెండు పక్కలా గుంటల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు, వ్యాను నిండా అమెరికా చట్టం. నా ఉద్యోగంలో అంత హాయిగా ఎప్పుడూ లేను. కోర్టులో వాదించలేకపోయిన చట్టాన్నంతా ఆ సీట్లో కూర్చుని వాదించుకున్నాను.

ఇంతలో అమెరికా మన రొయ్యల మీద సుంకాలు పెంచింది. మా ప్లాంటులో ఒక షిఫ్టు ఆపేశారు. రైతులు గుంటలు ఎండబెట్టుకుని కూర్చున్నారు. వ్యానులో సీట్లు ఖాళీ అవుతుంటే చదువు మీద ఎవరికీ మనసు పోయేది కాదు. పరీక్ష దగ్గర పడుతుండగా ఒక ఉదయం యజమాని మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచాడు.

ఆయన ముఖం చూడగానే నాకు అర్థమైంది. పేపర్‌వెయిట్ తిప్పుతూ, "పాపా, చూస్తా ఉండావు గదా పరిస్థితి. ఈ అమెరికా ప్రయాణం ఇప్పుడు కుదరదు. ఇంక దాన్ని మర్చిపో" అన్నాడు. తర్వాత ఆయనకే ఇబ్బందిగా అనిపించిందేమో, నవ్వుతూ, "అయినా అప్పుడేదో సంతోషంలో అన్న మాట. మీరు ఆ రూల్సన్నీ చదువుతా ఉండారు గదా, నువ్వే చెప్పు. నేనన్న మాట నిలుస్తుందా?" అన్నాడు.

"నిలవదు సార్" అంది అమ్మాయి.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వ్యానులో రోజూ ఎలా అంటుందో అలాగే అంది. "కంటైనర్ పని ముందే అయిపోయింది. మాట తర్వాత ఇచ్చినారు. జరిగిపోయిన పని ప్రతిఫలం కాదు సార్."

 తన కేసు తానే ఓడిపోయింది, అదీ నేను నేర్పిన రూలుతో. మాట ఇచ్చింది తోటపల్లి గూడూరు దగ్గర. ఇచ్చినవాడూ పుచ్చుకున్నదీ ఇక్కడివాళ్ళే. ఆయనే ఫోను చేసి అడిగితే, సెలవులో, జీతం లేకుండా చేసిన పని. మన చట్టం పుస్తకంలో వేసుకోవడానికి ఇంతకంటే చక్కటి ఉదాహరణ దొరకదు. ఆ మాటకొస్తే, ఇచ్చిన మాటని నమ్ముకుని ఒకరు నష్టపోతే ఏం చేయాలనేదానికి అమెరికా వాళ్ళకీ ఇంకో రూలు ఉంది. అది కూడా ఈ పిల్ల మర్చిపోయింది. అంత బాధలోనూ నాలోని పంతులమ్మకి దాని మీద ఒళ్ళు మండింది.

యజమాని తేలికపడ్డాడు. నా వైపు తిరిగి, "అంతే గదా మేడం?" అన్నాడు.

అంతే అని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను ఆయన జీతం తింటున్నదాన్ని. పదవీ విరమణ వయసు దాటినా నెలల లెక్కన పొడిగిస్తూ ఆయనే నన్ను ఉంచుకున్నాడు. ఎదుటి పక్షానికి దారి చూపించడం నా పని కాదు. కానీ అమ్మాయి గోడ వైపు చూస్తోంది. షెడ్డులో చప్పట్లు కొట్టిన రోజు కిటికీ వైపు తిరిగినట్టే, ఇప్పుడు గోడ వైపు.

"కాదు సార్. ఆ పిల్ల చెప్పింది అక్కడి రూలు. మనముండేది ఇక్కడ. ఇక్కడ మీ మాట నిలుస్తుంది" అన్నాను. ఎందుకు నిలుస్తుందో కూడా చెప్పాను. గొంతు వణికింది.

ఆయన ముఖం ఎర్రబడింది. "మీరు నా లాయరా, ఆ పిల్ల లాయరా?"

"మీ లాయర్నే. మీరు అడిగినారు, ఉన్నది చెప్పినాను."

"అయితే నా మీద కేసు వేస్తుందా?" అమ్మాయి వైపు తిరిగాడు. "ఏమ్మా, వేస్తావా?"

"లేదు సార్. వేయను" అంది ఆమె.

"మరింకేం మేడం?"

"వేసే మనిషైతే నేను మీకు ఎదురు చెప్పకుండా మీ తరఫున వాదించి ఉందును సార్. వేయదు. అందుకే చెప్పాల్సి వచ్చింది."

 యజమాని పేపర్‌వెయిట్ పక్కన పెట్టి, పోయి పని చూసుకోమన్నాడు. ఆ సాయంత్రం వ్యానులో పుస్తకం తెరవలేదు. అక్క ఏమైందని అడిగితే నేను చెప్పలేదు, అమ్మాయీ చెప్పలేదు. దిగేటప్పుడు మాత్రం, "మన చట్టమే మర్చిపోయినాను మేడం" అంది. "నేనే మర్పించినాను" అన్నాను.

కొన్నాళ్ళు ఏ కబురూ లేదు. తర్వాత ఆఫీసు నుంచి ఆమె పాస్‌పోర్టు అడిగారు. వీసా పనులు, టికెట్టు, అక్కడ ఉండటానికి గది, అన్నీ కంపెనీయే చూసింది. యజమాని దాని గురించి నాతో ఏమీ అనలేదు. ఆ నెలాఖరున నా పొడిగింపు మాత్రం ఆపేశాడు. శాలువా కప్పి, "మేడం మనకి చానా చేసినారు" అని మర్యాదగానే మాట్లాడాడు. ఎప్పుడో ఒకరోజు ఇంటికి పోవాల్సినదాన్నే. అయినా ఏడుపు వచ్చింది. అలాంటి వీడ్కోలు ఊహించుకోలేదు. ఆ ఏడుపు అమ్మాయికి కనపడకుండా జాగ్రత్తపడ్డాను.

"రేపట్నించి పాపకి ఎవరు చెప్తారు మేడమ్మా?" అంది అక్క, తిరుగు దారిలో.

మర్నాడు ఎప్పటి వేళకే నా స్టాపులో నిలబడ్డాను. డ్రైవరు ఏమీ అడగకుండా తలుపు తీశాడు. ప్లాంటు గేటు ఇంకా కొంచెం దూరం ఉండగా దిగి, బస్సులో నెల్లూరు తిరిగి వచ్చేదాన్ని. ఆమె ప్రయాణం దాకా రోజూ అంతే. ఒకసారి నేను దిగుతుండగా యజమాని కారు పక్కనుంచి పోయింది. ఆయన నన్ను చూశాడు. కారు ఆగలేదు, వ్యాను ఎక్కవద్దని కబురూ రాలేదు. ఆ మనిషి మీద నాకున్న కోపంలో సగం ఆ రోజే పోయింది.

పాసయింది. కబురు తెలిసిన రోజు ఫోనులో ఆమె మాటలు నాకు వినపడలేదు, చుట్టూ ఆడవాళ్ళ అరుపులే. ఆ తర్వాత నా కుర్చీలో ఆమెని కూర్చోబెట్టారని విన్నాను. చూడటానికి పోవాలని ఎంత అనిపించినా బింకంతో ఊరుకున్నాను. చివరికి పీఎఫ్ కాగితం మీద సంతకం కావాల్సి వచ్చి ప్లాంటుకి వెళ్ళాను. నన్ను చూసి లేచి నిలబడింది. కుర్చీ ఇవ్వబోతే వద్దని ఎదురుగా కూర్చున్నాను.

టీ తాగుతుండగా యజమాని ఫోను పట్టుకుని లోపలికి వచ్చాడు. నాకు నమస్కారం పెట్టి, ఆమెతో, "ఆ బయ్యరు అడగతా ఉండాడు. సరుకంతా మన సొంత గుంటలదేనని రాసి పంపించేయ్" అన్నాడు.

"అంతా కాదు గదా సార్. కొంత చిట్టమూరు రైతుల దగ్గర కొన్నాం."

"వాడికెట్ట తెలుస్తాది? రాసేయమ్మా."

"రాయను సార్."

గొంతు పెంచలేదు. వణకలేదు. మంచినీళ్ళు కావాలా అన్నంత మామూలుగా అంది. యజమాని నా వైపు చూశాడు. నేను టీ గ్లాసులోకి చూశాను. ఆయన నా పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సరే, ఎట్ట రాద్దామో నువ్వే చెప్పు" అన్నాడు.

నేను గ్లాసు పక్కన పెట్టి, ఆమె చెప్పేది వినడానికి ముందుకి వంగాను. ఆ కుర్చీలో జుట్టు తెల్లబడేదాకా కూర్చుని నేను ఒకే ఒక్కసారి, అదీ వణుకుతూ ఆయనకి ఎదురు చెప్పిన మాట, ఆమె అందులో కుదురుకోకముందే అనేసింది.